లోన్ తీరి నాలుగేళ్లయినా ఆర్‌సీలో ఫైనాన్స్ పేరు అలాగే ఉంది. కారు అమ్మడమెలా?

మూడోగేరు | శనివారం, రాత్రి 9:12

అందరికీ నమస్తే. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు. ఇప్పుడు ఇరుక్కున్నాను కాబట్టి రాస్తున్నా.

నాది 2016 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. లోన్ 2021లో తీరిపోయింది. అప్పుడు ఫైనాన్స్ కంపెనీ నుంచి పోస్టులో ఒక కవరు వచ్చింది, తీసి బీరువాలో ఫైల్లో పెట్టేశాను. నా లెక్కలో పని అయిపోయినట్టే.

పోయిన ఆదివారం ఒకాయన వచ్చి బండి చూసుకున్నాడు, నచ్చింది, అడ్వాన్స్ కూడా ఇచ్చాడు. నిన్న ఎంపరివాహన్ యాప్‌లో నా నంబరు కొట్టి చూసి ఫోన్ చేశాడు: "సార్, ఇంకా ఫైనాన్స్ ఉన్నట్టు చూపిస్తోందే?" గుండె జారింది. కవరు తీసి చూస్తే ఎన్‌ఓసీ, దానితో పాటు కంపెనీ సంతకం, ముద్ర ఉన్న ఫారం 35 రెండు కాపీలు. కిందెక్కడో చిన్న అక్షరాల్లో "జారీ చేసిన తేదీ నుంచి 90 రోజుల వరకే చెల్లుతుంది" అని ఉంది. పైగా ఆ కంపెనీ ఇప్పుడు ఆ పేరుతో లేదు, ఇంకోదాంట్లో కలిసిపోయింది. నేను కిస్తీలు కట్టిన బ్రాంచి గదిలో ఇప్పుడు డయాగ్నస్టిక్ సెంటర్ నడుస్తోంది.

కొనేవాడు మాత్రం కూల్‌గా ఉన్నాడు. "ఫారం 29, 30 (ఓనర్ పేరు మార్పు కాగితాలు) మీద సంతకాలు పెట్టి ఇచ్చేయండి, తేదీలు వదిలేయండి. బండి తీసుకెళ్తా, మిగతాది మా ఏజెంట్ చూసుకుంటాడు" అంటున్నాడు. డబ్బు మొత్తం రేపే ఇస్తాడట. మా ఆవిడ వద్దంటోంది. ఏం చేయాలి?

ఇంకో తలనొప్పి: ఆర్‌సీలో నా ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంది, ఆధార్‌లో పూర్తిగా ఉంది.

---

సీబుక్_బాబాయ్ | శనివారం, రాత్రి 9:50

ఇరవై ఏళ్లు ఆర్టీఏ ఆఫీసు గేటు ముందు కూర్చుని ఫారాలు నింపినవాణ్ణి. మీ ఆవిడ మాట వినండి.

ముందు వరస తెలుసుకోండి. హెచ్‌పీ, అంటే ఆర్‌సీలో ఉన్న ఫైనాన్స్ పేరు, ఎత్తేయించాలి, తర్వాతే ఓనర్‌షిప్ మార్పు. హెచ్‌పీ తీయడానికి ఫారం 35 మీద మీ సంతకం, ఫైనాన్స్ వాళ్ల సంతకం, ముద్ర ఉండాలి. వాళ్లది నాలుగేళ్ల నాడే పడింది, మీదే పడలేదు. మీలాగే ఎన్‌ఓసీ ఫైల్లో పెట్టుకుని పనైపోయిందనుకునేవాళ్లు వందలమందిని చూశా. ఎన్‌ఓసీ అంటే "మాకు అభ్యంతరం లేదు" అని కాగితం మాత్రమే. దాన్ని తీసుకెళ్లి ఆర్టీఏలో పెడితేనే రికార్డులోంచి వాళ్ల పేరు పోతుంది. అది మీరే పెట్టాలి.

90 రోజులు దాటినదానికి కొత్తది ఇవ్వమని అడగాలి. బ్రాంచి పోయినా లోన్ అకౌంట్ నంబరు పోదు. పాత ఎన్‌ఓసీ మీద ఆ నంబరు ఉంటుంది, ముందు దాన్ని ఫోటో తీసి పెట్టుకోండి.

తేదీ లేని సంతకం మాత్రం పెట్టొద్దు. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

---

డిక్కీలో_స్టెప్నీ | శనివారం, రాత్రి 10:31

ఇంత టెన్షన్ ఎందుకండీ? నేను మూడు బండ్లు ఓపెన్ సంతకాలతోనే అమ్మా. ఒక్కదానికీ ఏమీ కాలేదు. డబ్బు చేతిలో పడ్డాక బండి వాడిది, బాధ వాడిది. వచ్చిన బేరం పోగొట్టుకోకండి.

---

లేటుఫీజు | ఆదివారం, ఉదయం 7:05

స్టెప్నీ గారూ, నేనూ అచ్చం మీలాగే అనుకున్నా. నా కథ చెబుతా వినండి.

పాత డీజిల్ కారు అమ్మాను. ఓపెన్ ఫారాలు ఇచ్చా, వాట్సాప్‌లో కొన్నవాడి ఆధార్ ఫోటో తీసుకున్నా, అంతే. పద్నాలుగు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం పోస్ట్‌మన్ వచ్చి సంతకం పెట్టించుకుని గోధుమరంగు కవరు ఇచ్చాడు. మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ నోటీసు. ప్రమాదం జరిగిన ఊరు నేను జన్మలో చూడలేదు. బండి నంబరు నాది, రికార్డులో పేరు నాది, నేను రెండో ప్రతివాదిని. ఇన్సూరెన్స్ అప్పటికి మూడు నెలల కిందట అయిపోయింది, కొత్తది ఎవరూ కట్టలేదు.

కొన్నవాడికి ఫోన్ చేస్తే "నేను అప్పుడే ఇంకొకాయనకి ఇచ్చేశా సార్" అన్నాడు. ఆ ఇంకొకాయన నంబరు పనిచేయట్లేదు. నేను ఇచ్చిన ఫారాల మీద తేదీ లేదు కదా, నేను ఎప్పుడు అమ్మానో రుజువు చేసుకోవడానికి నా దగ్గర ఉన్నది బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఒక లైను. వకీలు మొదట అడిగింది డెలివరీ నోటు, అంటే బండి ఎప్పుడు అప్పగించామో రాసుకుని సంతకాలు పెట్టుకునే కాగితం. "అదేంటి?" అన్నాను. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి కాసేపు మాట్లాడలేదు.

కేసు ఇంకా నడుస్తోంది. అందుకే ఎక్కువ రాయను.

---

డిక్కీలో_స్టెప్నీ | ఆదివారం, ఉదయం 8:20

అయ్యో, సారీ అండీ. కానీ అమ్మేశాక కూడా బాధ్యత మనదేనా? డబ్బు తీసుకున్నాం, తాళం ఇచ్చాం. అమ్మకం పూర్తయినట్టే కదా?

---

నల్లకోటు | ఆదివారం, ఉదయం 10:44

ఇక్కడ రెండు విషయాలు కలిసిపోతున్నాయి. డబ్బు తీసుకుని తాళం ఇస్తే మీ ఇద్దరి మధ్య అమ్మకం జరిగినట్టే. అందులో తప్పు లేదు. కానీ రోడ్డు మీద ప్రమాదంలో దెబ్బతిన్న మూడో మనిషికి మీ బేరం సంగతి తెలియదు. మోటారు వాహనాల చట్టం (1988) సెక్షన్ 2(30) ప్రకారం ఓనర్ అంటే ఎవరి పేరు మీద రిజిస్టరై ఉందో వాళ్లు. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇదే తేల్చింది. ఆ కేసులో మొదటి ఓనర్ 2007లోనే కారు అమ్మేశాడు, అది చేతులు మారుతూ పోయింది, 2009లో ప్రమాదం జరిగింది. రికార్డులో పేరు మారలేదు కాబట్టి పరిహారం బాధ్యత మొదటి ఓనర్ మీదే పడింది. బాధితుడు బండి ఎన్ని చేతులు మారిందో వెతుక్కుంటూ తిరగాల్సిన పని లేదన్నది కోర్టు మాట.

చాలామందికి తెలియని సంగతి ఇంకోటి. పేరు మార్చుకోవడం కొన్నవాడి పనే అనుకుంటారు. సెక్షన్ 50 అమ్మినవాడికి కూడా పని పెట్టింది. అదే రాష్ట్రంలో అయితే 14 రోజుల్లోగా మీరే రిజిస్టరింగ్ అథారిటీకి తెలియజేయాలి, అదే ఫారం 29. కొన్నవాడికి 30 రోజుల గడువు. అంటే వాడి ఏజెంటు కోసం ఎదురుచూడక్కర్లేదు. తేదీ వేసిన ఫారం 29 మీరే ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోవచ్చు, లేదా రిజిస్టర్డ్ పోస్టులో పంపి అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు దాచుకోవచ్చు. దీంతో రికార్డులో పేరు మారిపోదు, అది గుర్తుంచుకోండి. కానీ మీ వైపు నుంచి చేయాల్సింది చేశారనడానికి చేతిలో కాగితం ఉంటుంది.

---

మూడోగేరు | సోమవారం, సాయంత్రం 6:30

లేటుఫీజు గారి పోస్టు చదివి రాత్రి నిద్ర పట్టలేదు. కొనేవాడికి ఫోన్ చేసి కాగితాలు అయ్యేదాకా బండి ఇవ్వనని చెప్పేశా. కాస్త గునిశాడు గానీ ఒప్పుకున్నాడు. పది రోజులు టైమిచ్చాడు.

కస్టమర్ కేర్ సంగతి చెప్పాలి. నలభై నిమిషాలు సంగీతం వినిపించారు. పాత లోన్ నంబరు చెబితే "మా సిస్టమ్‌లో లేదు సార్" అన్నారు. బండి నంబరు చెప్పినా లేదన్నారు. చివరికి "ఏదైనా బ్రాంచికి వెళ్లండి" అన్నారు. వెళ్తే బ్రాంచి వాళ్లు కస్టమర్ కేర్‌కి ఫోన్ చేయమన్నారు.

---

మైలేజీ_మావ | సోమవారం, రాత్రి 8:02

బ్రో, రిజర్వ్ బ్యాంక్ రూల్ ఉంది! లోన్ తీరాక 30 రోజుల్లో కాగితాలు ఇచ్చి, రిజిస్ట్రీలో చార్జి (లోన్ కింద వాళ్లకున్న హక్కు) తీయించకపోతే రోజుకి 5,000 రూపాయలు మనకి ఇవ్వాలి. నాలుగేళ్లకి లెక్కేసుకో. కారు అమ్మక్కర్లేదు, ఇంకో నాలుగు కార్లు కొనొచ్చు.

---

నల్లకోటు | సోమవారం, రాత్రి 8:25

మావా, ఆశ పెట్టకండి. ఆ ఆదేశం 2023 సెప్టెంబరులో వచ్చింది. కాగితాలు ఇవ్వాల్సిన గడువు 2023 డిసెంబరు 1న గానీ ఆ తర్వాత గానీ పడిన లోన్లకే వర్తిస్తుంది. ఈయనది 2021లోనే తీరింది. పైగా వాళ్లు ఎన్‌ఓసీ, ఫారం 35 అప్పుడే పంపారు, వాడుకోనిది ఈయన. ఈ మధ్య లోన్ తీర్చినవాళ్లు మాత్రం ఆ రూల్ గుర్తుపెట్టుకోండి.

మూడోగేరు గారూ, మీకు పనికొచ్చే దారి ఇది. ఫోన్లు ఆపి, కంపెనీ గ్రీవెన్స్ అధికారికి మెయిల్ రాయండి. వాళ్ల వెబ్‌సైట్‌లో ఆ చిరునామా ఉండాలి. పాత ఎన్‌ఓసీ స్కాన్, ఆఖరి కిస్తీ కట్టిన స్టేట్‌మెంట్, ఆర్‌సీ కాపీ జతచేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చు, ఫీజు లేదు. మెయిల్ చివర్లో ఆ మాట మర్యాదగా ఒక్క లైన్లో రాయండి. చాలాసార్లు ఆ లైనే పని చేస్తుంది.

---

పాతపాసుబుక్కు | సోమవారం, రాత్రి 9:40

విలీనం విషయంలో భయపడకండి. 2017 ఏప్రిల్‌లో స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ ఎస్‌బీఐలో కలిసింది. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసింది. ఆ పాత పేర్లతో ఉన్న సీ-బుక్కులు మనవాళ్ల దగ్గర ఇంకా ఎన్నో. నాదీ ఒకటి, ఆంధ్రా బ్యాంకు పేరుతో. కలుపుకున్న బ్యాంకే సంతకం పెట్టి ముద్ర వేసింది. ఆర్టీఏ కౌంటర్లో "ఇందులో ఆ పేరు, అందులో ఈ పేరు" అని అడిగారు, విలీనం నోటిఫికేషన్ ప్రింటు చూపిస్తే ఊరుకున్నారు. ఆ రెండు పేజీలు మీరూ ముందే తీసి పెట్టుకోండి, కౌంటర్ దగ్గర నిలబడి వెతుక్కోకుండా.

---

నీలిరంగు_బండి | మంగళవారం, ఉదయం 11:15

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నాన్నగారి కారు అమ్మాలి. ఆయన పోయి ఏడాదైంది. ఆర్‌సీ ఆయన పేరు మీదే ఉంది. కొనేవాళ్లు "మీరే ఆయన సంతకం పెట్టేయండి మేడమ్, ఎవరూ చూడరు" అంటున్నారు.

---

సీబుక్_బాబాయ్ | మంగళవారం, ఉదయం 11:38

అమ్మా, ఆ మాట అన్నవాడికి బండి అమ్మకు. అది ఫోర్జరీ. రేపు తేడా వస్తే మీద పడేది నువ్వే, వాడు కాదు.

మీ పనికి ఫారం 31. ముందు బండి వారసుల్లో ఒకరి పేరు మీదకి రావాలి, తర్వాత మామూలు అమ్మకం. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మిగతా వారసులకు అభ్యంతరం లేదని అఫిడవిట్ అడుగుతారు. అమ్మగారు ఉంటే ఆమె పేరు మీదకి మార్చడం తేలిక. నిజానికి 30 రోజుల్లో ఆఫీసుకు తెలియజేయాలి, మూడు నెలల్లో దరఖాస్తు పెట్టాలి. దాటిపోయిందని కంగారు పడకు, ఆలస్యానికి ఏదో కట్టమంటారు, పని మాత్రం అవుతుంది. నాన్నగారు నామినీని పెట్టారేమో కూడా చూడు, 2021 నుంచి ఆర్‌సీలో నామినీ పేరు పెట్టుకునే వీలొచ్చింది.

---

నీలిరంగు_బండి | మంగళవారం, మధ్యాహ్నం 12:02

చాలా థ్యాంక్స్ బాబాయ్ గారూ. అమ్మ పేరు మీదకే మారుస్తాం. ఆమెకి డ్రైవింగ్ రాదు, ఫర్వాలేదా?

---

సీబుక్_బాబాయ్ | మంగళవారం, మధ్యాహ్నం 12:05

ఓనర్‌కి లైసెన్సు ఉండాలని ఎక్కడా లేదు. నడిపేవాడికి ఉంటే చాలు.

---

మూడోగేరు | శుక్రవారం, మధ్యాహ్నం 1:20

మెయిల్ పని చేసింది! రెండో రోజు ఫోన్ వచ్చింది. పాత కంపెనీ లోన్లకు వాళ్ల దగ్గర వేరే నంబర్లు ఉన్నాయట, అందుకే కస్టమర్ కేర్‌కి కనపడలేదు. కొత్త ఎన్‌ఓసీ, ముద్ర వేసిన ఫారం 35 రెండు కాపీలు కొరియర్‌లో వస్తున్నాయి.

ఇక ఇంటిపేరు సంగతి చెప్పండి. ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేద్దామని కూర్చుంటే ఓటీపీ ఏదో నాకు తెలియని నంబరుకి పోతోంది.

---

సీబుక్_బాబాయ్ | శుక్రవారం, మధ్యాహ్నం 2:10

ఆ నంబరు మీ బండి రిజిస్ట్రేషన్ చేయించిన షోరూమ్ కుర్రాడిది అయి ఉంటుంది. ఇది ఇంటింటి కథ. పోర్టల్‌లో మొబైల్ నంబరు మార్చుకునే చోటు ఉంది. చాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు, రిజిస్ట్రేషన్ తేదీ అడుగుతుంది. ఆర్‌సీ పక్కన పెట్టుకుని కొట్టండి. సున్నాకి, 'ఓ' అక్షరానికి తేడా చూసుకోండి, సగంమంది అక్కడే ఆగిపోతారు.

ఇంటిపేరుకి పెద్ద గొడవ లేదు. పొడి అక్షరం, పూర్తి పేరు ఒకరివేనని నోటరీ అఫిడవిట్ పెట్టండి, పాన్ కాపీ జతచేయండి. పేరే వేరుగా ఉంటే అప్పుడు కష్టం. సంతకం కూడా ఒకసారి పాత ఫారంతో పోల్చుకోండి. తొమ్మిదేళ్లలో మనుషుల సంతకం మారిపోతుంది. నాదే మారింది, చేయి వణుకు వచ్చాక.

---

మైలేజీ_మావ | శుక్రవారం, రాత్రి 7:45

మరి డబ్బు సంగతి? పేరు మారాకే మొత్తం ఇస్తానంటాడు కొనేవాడు. మొత్తం ఇస్తేనే బండి ఇస్తానంటాడు అమ్మేవాడు. ఇది తెగేది కాదు.

---

లేటుఫీజు | శుక్రవారం, రాత్రి 8:30

దెబ్బ తిన్నాక రెండో బండికి నేను చేసింది చెబుతా. బండి డబ్బు మొత్తం తీసుకున్నా, దాని మీద కొంత డిపాజిట్ కూడా తీసుకున్నా. కొత్త ఆర్‌సీ కాపీ పంపిన రోజు డిపాజిట్ వెనక్కి ఇస్తానని కాగితం మీద రాసిచ్చా. ఇరవై రెండో రోజున కాపీ వచ్చింది. తన డబ్బు నా దగ్గర ఉంటే వాడే ఏజెంటు వెంట పడతాడు.

---

డిక్కీలో_స్టెప్నీ | శుక్రవారం, రాత్రి 8:41

బేరమాడి బేరమాడి కొనేవాడు పైన డిపాజిట్ ఇస్తాడా? నాకైతే ఎవరూ ఇవ్వలేదు. నా మాట వినండి (ఈసారి మంచి మాటే): ఇద్దరూ కలిసి ఒకే రోజు స్లాట్ తీసుకుని ఆఫీసుకి వెళ్లండి. దరఖాస్తు రసీదు చేతికి వచ్చాక అక్కడే డబ్బు ట్రాన్స్‌ఫర్ కొట్టించుకుని తాళం ఇవ్వండి.

---

నల్లకోటు | శుక్రవారం, రాత్రి 9:15

స్టెప్నీ గారి సలహాకే నా ఓటు. డబ్బు మాత్రం బ్యాంకు ద్వారానే. 2017 ఏప్రిల్ నుంచి ఒక లావాదేవీలో రెండు లక్షలు, ఆ పైన నగదుగా తీసుకోకూడదు. పెనాల్టీ ఇచ్చినవాడికి కాదు, తీసుకున్నవాడికి, అదీ తీసుకున్నంత మొత్తం.

ఇన్సూరెన్స్ గురించి ఎవరూ అనలేదు. బండితో పాటు థర్డ్ పార్టీ కవర్ కొన్నవాడికి వెళ్తుంది, వాడు 14 రోజుల్లో కంపెనీకి చెప్పి పేరు మార్పించుకోవాలి. మీ నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు) మాత్రం మీదే, బండిది కాదు. అమ్మకం కాగితాలు చూపించి లెటర్ తీసుకుంటే మూడేళ్లలోపు కొత్త బండికి వాడుకోవచ్చు. ఐదేళ్లు క్లెయిమ్ లేకపోతే అది 50 శాతం. వదులుకోకండి.

---

ఫాస్ట్‌లేన్ | శుక్రవారం, రాత్రి 10:20

చలాన్లు కట్టేసి స్క్రీన్‌షాట్ తీసుకోండి. పెండింగ్ ఉంటే పేరు మార్పు ఆగొచ్చు. ఫాస్టాగ్ క్లోజ్ చేయండి, అద్దం మీద స్టిక్కర్ గీకేస్తే సరిపోదు, ఇచ్చిన బ్యాంకుకి చెప్పాలి.

ఇంకోటి, డీలర్‌కి అమ్మేవాళ్ల కోసం: 2023 ఏప్రిల్ నుంచి ఆథరైజ్డ్ డీలర్ అయితే ఫారం 29సీ ద్వారా బండి అప్పగించినట్టు పోర్టల్‌లో పెట్టాలి. అప్పటి నుంచి బాధ్యత డీలర్‌ది. ఆథరైజేషన్ సర్టిఫికెట్ చూపించమనండి. నీళ్లు నమిలితే వెనక్కి వచ్చేయండి.

---

మూడోగేరు | తర్వాతి గురువారం, రాత్రి 8:55

అయిపోయింది! వివరంగా రాస్తున్నా, ఇంకెవరికైనా పనికొస్తుందని.

కొరియర్ సోమవారం వచ్చింది. హెచ్‌పీ తీయడం, పేరు మార్పు రెండూ ఒకేసారి పెట్టుకోనిచ్చారు. కౌంటర్లో మేడమ్ విలీనం కాగితం అడిగింది (పాతపాసుబుక్కు గారికి దండం). చాసిస్ నంబరు పెన్సిల్ ప్రింటు మసకగా ఉందని మళ్లీ తీయమంది. ఎండలో బానెట్ ఎత్తి, కాగితం అదిమిపట్టి, పెన్సిల్‌తో రుద్దుతుంటే ఒక్కో అంకె బయటికి వస్తోంది. తొమ్మిదేళ్లు నడిపిన బండి నంబరు అంత దగ్గరగా చూసింది అప్పుడే. కొనేవాడు పక్కన ఫోన్ లైటు పట్టుకున్నాడు. అంతకుముందు మా మధ్య ఉన్న చిరాకు అక్కడే తగ్గిపోయింది.

రసీదు వచ్చాక డబ్బు ట్రాన్స్‌ఫర్ కొట్టాడు. డెలివరీ నోటు రెండు కాపీలు రాసుకున్నాం. తేదీతో పాటు సమయం కూడా వేశా, మధ్యాహ్నం 3:40. కిలోమీటర్ల రీడింగ్, రెండు తాళాలు, ఒరిజినల్ ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చినట్టు రాశా. "ఈ సమయం తర్వాత జరిగే ప్రమాదాలకు, చలాన్లకు బాధ్యత నాది" అని ఆయన తన చేత్తో రాసి సంతకం పెట్టాడు. నంబర్ ప్లేటు కనపడేలా ఇద్దరం ఫోటో దిగాం. ఫారం 29 కాపీకి కూడా విడిగా రసీదు తీసుకున్నా.

---

లేటుఫీజు | గురువారం, రాత్రి 9:10

సమయం వేశారు చూడండి, అదీ పని.

---

మూడోగేరు | శుక్రవారం, ఉదయం 6:48

ఇప్పుడే ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. టోల్‌గేట్ దగ్గర నా ఖాతాలోంచి డబ్బు కట్. ఫాస్టాగ్ క్లోజ్ చేయడం మర్చిపోయా. ఫాస్ట్‌లేన్ గారు చెప్పారు, చదివాను, తల కూడా ఊపాను.

---

సీబుక్_బాబాయ్ | శుక్రవారం, ఉదయం 7:15

ఇప్పుడే క్లోజ్ చేయించండి, టీ తర్వాత తాగుదురు గానీ. తిరుగు ప్రయాణంలో ఇంకో గేటు ఉంటుంది.

---

మూడోగేరు | శుక్రవారం, ఉదయం 8:02

చేయించా బాబాయ్. కొన్నాయనకి ఫోన్ చేస్తే నవ్వి, ఆ టోల్ డబ్బులు వెంటనే పంపేశాడు. బండి బాగా లాగుతోందట.